నీలం బోర్డు మీద నూనె

నాకు చీదర ఎక్కువ. మా ఇంట్లో ఈ మాట నాకు ఇంటిపేరులా అంటుకుపోయింది. బస్సులో కడ్డీ పట్టుకుంటే, దిగి చెయ్యి కడుక్కునేదాకా ఆ చేత్తో ముక్కు కూడా తుడుచుకోను. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు పులుసు జుర్రుతుంటే నా విస్తట్లో అన్నం అక్కడే ఆగిపోతుంది. ఇదివరకు వచ్చిన సంబంధాల్లో ఒకాయన బండి తాళంతో చెవిలో గులిమి తీసుకుని, ఆ తాళం చివర వాసన చూశాడు. ఇంకొకాయన మా అమ్మ పెట్టిన జంతిక సగం కొరికి మిగతాది మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు. ఇద్దర్నీ వద్దన్నాను. మంచివాళ్ళే అయ్యుండొచ్చు. కానీ ఆ తాళం, ఆ జంతిక నా కళ్ళ ముందు నుంచి పోకపోతే నేనేం చెయ్యను?

అందుకే పృథ్వీరాజ్ సంబంధం వచ్చినప్పుడు మా నాన్న కూర్మయ్య ముందే హద్దు గీసేశాడు. మాది పొందూరు దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. నాన్న కోపంగా మాట్లాడడు. పొలం గట్టు మీద కూర్చుని తువ్వాలు దులుపుకుంటూ మామూలుగానే చెప్తాడు, దానికే నాకు భయం.

"సూడమ్మా రేఖా, ఈపాలి సీదరా గీదరా అంటే నాను ఇనను. కాదనాలంటే నలుగురిలో సెప్పుకునే కారణం ఉండాల. ఆదివారం సాయంత్రానికి ఆలకి మాట సెప్పేయాల."

"కారణం లేకపోతే?"

"నేకపోతే ముహూర్తం ఎట్టించీడమే."

పృథ్వీరాజ్ వాళ్ళది సాలూరు. లారీలున్న ఇల్లు. అతను ఒకసారి ఫోను చేసి చాలా హుషారుగా మాట్లాడాడు. పెద్దవాళ్ళ మధ్య కూర్చుని స్వీటు తినడం తనకి నచ్చదట. కళింగపట్నం దాటాక ఒక ఊళ్ళో సర్ఫింగ్, అంటే బోర్డెక్కి అలల మీద నిలబడే ఆట, నేర్పుతున్నారట, ఇద్దరం ఆదివారం పొద్దున్న బ్యాచ్‌లో చేరదామన్నాడు. "అక్కడైతే ఫ్రీగా మాట్లాడుకోవచ్చు. పాతకాలం పద్ధతులంటే నాకు ఎలర్జీ" అన్నాడు. సముద్రం, తడిబట్టలు, ఊరందరి చెమటా పీల్చిన బోర్డులు. తల్చుకుంటేనే ఒళ్ళు జలదరించింది. అయినా సరేనన్నాను. వద్దంటే అది కూడా నా చీదర ఖాతాలోనే పడుతుంది.

ఆదివారం పొద్దున్న మా అమ్మ ధనలక్ష్మి నువ్వుల నూనె గిన్నెతో నా వెంటపడింది. మా వైపు పొలం పనుల వాళ్ళకి సముద్రం ఎప్పుడో పండక్కి చూసే చుట్టం. మాఘ పున్నమికి స్నానానికి వెళ్తారు. వెళ్ళే ముందు అరికాలి నుంచి మెడ దాకా నువ్వుల నూనె దట్టించుకుంటారు. ఉప్పునీళ్ళు ఒంటికి పట్టవని, దురద పెట్టదని నమ్మకం.

"సంద్రం నీల్లే అవి. ఒళ్ళంతా దద్దుర్లొస్తాది. కాసింత రాసుకోవే."

"జిడ్డమ్మా. ఛీ, నాకొద్దు."

"అన్నిటికీ ఛీ యే! ఆ మాట నోట్లోంచి ఎప్పుడు పోతాదో ఏటో. ఏ ఇంట పడతావో ఏటో నువ్వు" అని గిన్నె అలాగే వంటింటి గూట్లో పెట్టేసింది.

ఆ బీచ్ గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు డోకొస్తుంది. ఎండుచేపల వాసన గురించి కాదు, అది తినే వస్తువు, నాకేం అభ్యంతరం లేదు. పై ఊళ్ళనుంచి పిక్నిక్కులకి వచ్చినవాళ్ళు వదిలేసినవి ఉన్నాయి చూడండి, బిర్యానీ ఎముకలు, బీరు సీసాలు, ఉబ్బిపోయిన పిల్లల డైపరు. దాని పక్కనే చచ్చిపడిన జెల్లీచేప. నురగ వచ్చి ఆ రెంటినీ కలిపి తడిపి వెళ్తోంది. తాటాకుల పాకలో తీగ మీద సర్ఫింగ్ చొక్కాలు ఆరేసున్నాయి, ఒంటికి అతుక్కునే రకం. నాకిచ్చినది ఇంకా తడిగానే ఉంది. మెడ దగ్గర ఎవరిదో పౌడరు వాసన, చంకల దగ్గర ఎవరిదో చెమట వాసన. ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాను. నలుగురిలో చెప్పుకునే కారణం కాదు కదా ఇది.

నేర్పేవాడి పేరు అప్పలసూరి. ఆ ఊరి చేపల వేటగాళ్ళ ఇంటి మనిషి, మంచి దేహం, గట్టి గొంతు. బ్యాచ్‌లో మేం ముగ్గురమే, నేను, పృథ్వీరాజ్, తులసి అనే అమ్మాయి. తులసి ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది, హాస్టల్ నుంచి ఒక్కతే ఆటో మాట్లాడుకుని వచ్చేసింది. లావుపాటి జడ, నుదుటి దాకా కొబ్బరినూనె మెరుపు. పృథ్వీరాజ్ మాత్రం సినిమాకి వచ్చినట్టు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, పొడుగు చేతుల కొత్త బనీను, దూరానికే తెలిసే సెంటు. పొడుగు చేతులెందుకు వేసుకొచ్చాడో అప్పుడు అర్థం కాలేదు.

"ముందు ఇసకలోనే నేర్సుకోవాల" అన్నాడు అప్పలసూరి. "బోర్లా పడుకోండి. సేతులు రొమ్ము కాడ ఎట్టండి. నాను లెగండంటే గబుక్కున లెగాల. సంద్రం మీకోసం ఆగదు, మీరే లెగాల."

బోర్లా పడుకుంటే ఇసక నోట్లోకి వెళ్ళింది. ఉమ్మేశాను. నాలుక కింద ఇంకా కరకరమంటూనే ఉంది. బోర్డులు రెండే, పసుపుది ఒకటి, నీలంది ఒకటి, వంతులవారీగా ఎక్కాలి. పసుపు బోర్డు తాడు నా కాలికి కట్టుకోబోతే ఆ పట్టీలో ఎవరిదో పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది. రెండు వేళ్ళతో లాగి గాలికి వదిలేశాను. అది తిరిగొచ్చి నా మోచేతికే అంటుకుంది.

నీళ్ళలో మొదటి అల నన్ను ఎత్తి కుదేసింది. ఉప్పునీళ్ళు ముక్కులోంచి గొంతులోకి దిగి, అక్కడున్నదంతా పట్టుకుని మళ్ళీ ముక్కులోంచి బయటికొచ్చాయి. నలుగురి ముందూ చీమిడి కారుతుంటే ఆ తడి చొక్కా చేతికే తుడుచుకున్నాను. చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పడ్డాను. ఒకసారి మాత్రం అల నా కింద మెత్తగా లేచింది, నేను కూడా లేచాను, కాసేపు నిలబడ్డాను. "అద్గదీ!" అని అప్పలసూరి కేకేశాడు. నాకు నవ్వొచ్చింది. నోట్లో ఇసకతోనే నవ్వాను.

పృథ్వీరాజ్‌ది నీలం బోర్డు. అతను నిలబడటం మాట అటుంచి, సరిగ్గా పడుకోలేకపోయాడు. పొట్ట ఆనించగానే అటో ఇటో జారిపోతున్నాడు. "వేవ్స్ బాలేవు" అన్నాడు. "బోర్డు లోకల్ క్వాలిటీ" అన్నాడు. ఒక అల అతన్ని తెచ్చి నా భుజం మీద పడేసింది. అప్పుడు తెలిసింది. సెంటు అంతా కడుక్కుపోయి, లోపల్నుంచి దట్టంగా నువ్వుల నూనె వాసన. పొడుగు చేతుల కింద నుంచి నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోతున్నాయి.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు చీదర వెయ్యలేదు. ముచ్చటేసింది. పాతకాలం పద్ధతులంటే ఎలర్జీ అన్న మనిషిని వాళ్ళమ్మ తెల్లారకముందే కూర్చోబెట్టి అరికాలి నుంచి రుద్ది పంపించిందన్నమాట! అతనే నోరు విప్పి చెప్తాడనుకున్నాను. చెప్తే నేనూ మా అమ్మ గిన్నె సంగతి చెప్పేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇంటికెళ్ళి సరేననేసేదాన్నేమో కూడా.

అతను మాత్రం వంతు అయిపోయిందని నీలం బోర్డు తులసికి ఇచ్చేశాడు.

తులసి ఇసకలో అందరికంటే బాగా నేర్చుకుంది. అల రాగానే ధైర్యంగా లేచింది. లేచిన పాదం లేచినట్టే జారింది. గడ్డం ఠపీమని బోర్డుకి కొట్టుకుని, నీళ్ళలోంచి పైకొచ్చేసరికి కింది పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. అప్పలసూరి ఆమెని ఒడ్డుకి తెచ్చి, బోర్డు మీద అరచెయ్యి రాసి చూశాడు. చెయ్యి మెరిసింది.

"ఇదేటిది? నూనె! ఒంటికి ఏటీ రాసుకోవద్దని ఫోన్లో ముందే సెప్పినాను గదా. ఎవులు రాసుకొచ్చినారు?"

 నేను పృథ్వీరాజ్ వైపు చూశాను. అతను చెయ్యెత్తి తులసి జడ చూపించాడు.

"ఇంకెవరు బాస్, ఆ జడ చూడు. కారుతోంది. ఛీ, ఏం జిడ్డు!" అని మొహం చిట్లించి ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

చీదరించుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చిన విద్య. నిజమైన చీదర ఎలా ఉంటుందో, నటించిన చీదర ఎలా ఉంటుందో నాకు తెలుసు. అతని పైపెదవి ముడతపడింది కానీ కళ్ళు మాత్రం ఎవరైనా నమ్మారా లేదా అని వెతుకుతున్నాయి.

తులసి జడ పట్టుకుని చూసుకుంది. "నాను ఒంటికి రాసుకోనేదండీ. తలకి రాత్రి రాసినాను, అంతే... అదే కారిందేటో. సారీ సార్" అంది. నెత్తురు పెదవి చప్పరిస్తూనే గుప్పెడు ఇసక తీసి బోర్డు తోమడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలింది ఆమెకే, తప్పు మోసిందీ ఆమే.

నేను పృథ్వీరాజ్ పక్కకి వెళ్ళి మెల్లిగా అడిగాను. "ఆ నూనె మీది కదా?"

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. "ష్... గట్టిగా అనకు. మా అమ్మ చాదస్తం, వద్దన్నా వినలేదు. వదిలెయ్, ఆ పిల్లని మళ్ళీ మనం చూస్తామా ఏంటి?" అని దగ్గరికి జరిగి, "ఇలాంటివి మనిద్దరి మధ్యే ఉండాలి. రేపట్నుంచి మనిద్దరం ఒకటే కదా" అన్నాడు.

మనిద్దరం ఒకటే.  డైపరు, జెల్లీచేప, వెంట్రుక, ఎవరిదో చెమట, అన్నీ ఓర్చుకున్నాను కదా పొద్దున్నుంచీ. ఇది గొంతు దిగలేదు. అతని ఊపిరి నా చెవికి తగిలిన చోట తడిచేత్తో రుద్దుకున్నాను.

"అప్పలసూరి గారూ," అన్నాను గట్టిగా. "అది తలనూనె కాదు. వాసన చూడండి, నువ్వుల నూనె. ఈయన ఒంటిది."

అప్పలసూరి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత పృథ్వీరాజ్ మెడ వైపు చూశాడు. అక్కడ నీళ్ళు ఇంకా ముత్యాల్లాగే నిలబడి ఉన్నాయి.

"ఏటి బాబూ, నూనె రాసుకుంటే రాసుకున్నావు, అదేటి నేరమా? ఆ ఆడగుంట మీదెందుకు ఎట్టినావు?"

పృథ్వీరాజ్ నా వైపు ఒక చూపు చూసి, తడి బనీనుతోనే కారెక్కి వెళ్ళిపోయాడు. నేను తులసి పక్కన కూర్చుని ఇసక తీసుకుని బోర్డు రెండో కొస తోమాను. నూనె, ఇసక, ఆమె పెదవి నెత్తురు చుక్కలు, అన్నీ నా గోళ్ళలోకి వెళ్ళాయి.  తర్వాత అప్పలసూరి ఇద్దర్నీ మళ్ళీ నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. తులసి నిలబడింది.

మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"ఆ అబ్బాయోలమ్మ ఫోను సేసినాది" అన్నాడు నాన్న. "నువ్వు ఒళ్ళంతా నూనె పూసుకెల్లి, ఎవులో పిల్లని పడేసి నెత్తురు కార్పించి, తప్పు ఆ అబ్బాయి మీదకి తోసినావంట. ఇలాటి పిల్ల మాకొద్దంటన్నారు. ఏటే ఇది?"

నాకొచ్చింది కోపం కాదు. పొద్దున్న తులసి జడ పట్టుకుని చూసుకున్నట్టు నేను కూడా నా చేతులు తిప్పి చూసుకున్నాను. ఒక్క క్షణం, నిజంగానే రాసుకున్నానేమో అన్నట్టు. అంత రోతగా ఉంటుందని తెలీదు, చెయ్యని పని ఒంటికి పూస్తే.

అమ్మ లోపలికి వెళ్ళింది. గూట్లోంచి గిన్నె తెచ్చి నాన్న ముందు అరుగు మీద పెట్టింది. నిండుగా ఉంది. పైన ఒక చీమ చచ్చి తేలుతోంది.

"పొద్దున్న దీనెనకాల పడి పడి ఇచ్చినాను. ఒక సుక్క తగ్గినాదేటో సూడు."

నాన్న గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను జరిగింది చెప్పాను. తులసి పెదవి సంగతి చెప్పాను, మనిద్దరం ఒకటే అన్నది కూడా చెప్పాను. నాన్న చాలాసేపు తువ్వాలు దులుపుకున్నాడు.

"ఆలు వద్దనడమేటి, మనమే వద్దని సెప్పాల" అన్నాడు చివరికి. ఫోను తీసి, నొక్కబోయి ఆగాడు. "మరి నలుగురూ అడుగుతారు. కారణం ఏటని సెప్పమంటావు?"

నన్నే అడిగాడనుకుని నోరు తెరిచాను. ఈలోగా అమ్మ గిన్నె తీసుకుని లేచింది. చీమని వేలితో తీసి అవతల పారేసింది.

"ఛీ!" అంది. ఆ మాట అన్నందుకు నన్ను ఇన్నాళ్ళూ తిట్టిన మనిషి. "రోత పుట్టినాదని సెప్పు."