మూడో డబ్బాలో బ్యాటరీ

చచ్చిన ఫోను వీపు వేడిచేసి, పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ అంచున దూర్చి, జిగురు వదిలేదాకా ఊపిరి బిగబట్టాడు డాక్టరు. చదివింది పదో తరగతే. చచ్చినవాటిని బతికిస్తాడని షాపులో అందరూ అలా పిలుస్తారు. బట్టతల, తాడు కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్ళద్దాలు, ఎంత తోమినా నలుపు వదలని వేలిగోళ్ళు. పొద్దున్న ఆ కుర్చీలో కూలబడ్డాడంటే లేచేది నడుం మొరాయించినప్పుడే.

ఆఫీసులు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు, జనం సొరుగుల్లో మరిచిపోయిన ఫోన్లు అక్కడికి గోతాల్లో వస్తాయి. ఒకదాని తెర, ఇంకోదాని కీబోర్డు కలిపి, పనిచేసేలా చేసి చవగ్గా అమ్ముతారు. చెత్తకుప్పలో పడాల్సిన ల్యాప్‌టాప్ ఎవరి పిల్ల చదువుకో పనికొస్తోందంటే డాక్టరుకి లోలోపల గర్వమే.

బల్లమీద మూడు డబ్బాలుంటాయి. పరీక్షించిన బ్యాటరీల్లో గట్టివి మొదటి డబ్బాలోకి, ఓ మోస్తరువి రెండోదాంట్లోకి, ఛార్జింగు వైరు తీసిన కాసేపటికే ప్రాణం విడిచేవి మూడోదాంట్లోకి. మూడో డబ్బా తుక్కుకి వెళ్ళాలి. కానీ షాపువాళ్ళు తమ ఇళ్ళకి కావలసినవి ముందుగా అందులోంచే ఏరుకుంటారు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. కొన్నవాడైతే తిరిగొచ్చి నెత్తిన కూర్చుంటాడు. సొంతవాళ్ళు రారు.

అక్కకిచ్చిన ఫోనులో ఉన్నది మూడో డబ్బాలోదే.

అమ్మ పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది అక్కే. ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది, గుండెకి మందులు మింగుతూ. ఫోను ఇచ్చిన రోజు "మా తమ్ముడు తన చేతుల్తో చేశాడు" అని ఇరుగుపొరుగు అందరికీ చూపించింది. అది తలుచుకున్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుంటుంది. బ్యాటరీ మార్చాలని చాలాసార్లు అనుకున్నాడు. అనుకోవడానికేం ఖర్చు?

ఫోను మోగింది. అక్కే.

"ఒరేయ్, గొంతు నీరసంగా ఉందేం? తిన్నావా?"

"తిన్నానక్కా. ఫోనెలా ఉంది?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

"సాయంత్రం వచ్చి బ్యాటరీ మారుస్తాను."

"ఆ ముక్క నిరుటి నుంచీ వింటున్నాలే. ముందు నీ పని చూసుకో. అయ్యో, ఉండు ఉండు, పాలు పొంగుతున్నాయి..."

ఠక్కున కట్టయింది. అతను తిరిగి చేశాడు. స్విచాఫ్. మూడో డబ్బా సరుకు మరి, అనుకున్నాడు. సిగ్గేసింది. తెర పగిలిన ఫోనొకటి విప్పి, అక్క ఫోనుకి సరిపడే మంచి బ్యాటరీ తీసి, పరీక్షించి, డబ్బాలో వెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎలాగూ సాయంత్రం వెళ్తున్నాను కదా అని మళ్ళీ ఫోను చెయ్యలేదు.

మధ్యాహ్నం ఓ కారు డ్రైవరు ఊగిపోతూ వచ్చాడు.

"మొన్నేగా కొన్నాను? ఛార్జింగు నిలబడి చావట్లేదు. బేరాలన్నీ పోతున్నాయి, ఎవరు జవాబు చెప్తారు?"

అదీ అక్క ఫోనులాంటిదే. మొదటి డబ్బాలో దానికి సరిపడేది లేదు. యజమానురాలు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"డాక్టరుగారూ, ఒక్కటైనా లేదా?"

"ఉందమ్మా," అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

డ్రైవరు మీద జాలితో ఇచ్చానని తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. ఇవ్వకపోతే డ్రైవరు అరుస్తాడు. అక్క అరవదు. అందుకే ఇచ్చాడు.

పొద్దు వాలుతుండగా అక్క పక్కింటావిడ నుంచి ఫోను వచ్చింది. "మీ అక్కగారు ఎంత పిలిచినా పలకట్లేదండీ, తొందరగా రండి."

అతను వెళ్ళేసరికి అక్కని మంచం మీద పడుకోబెట్టి ఉంచారు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. అసలు డాక్టరు వచ్చి చూసి, కూర్చున్నపాటునే గుండె ఆగిపోయిందనీ, పక్కన ఎవరున్నా చెయ్యగలిగేది లేదనీ చెప్పి వెళ్ళాడు. ఆ మాట పట్టుకుని తప్పులోంచి బయటపడాలని అతను చూశాడు.

"పాలు దించి వచ్చాక ఫోను మళ్ళీ వైరుకి తగిలించి అక్కడే కూర్చున్నారండీ," అంది పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ. "భోంచేసి నడుం వాల్చమన్నాను. మాట మధ్యలో కట్టయింది, మావాడు మళ్ళీ చేస్తాడు అన్నారు. రోజూ అంతే. వైరు తీస్తే ఫోను పోతుందని అక్కణ్ణించి కదిలేవారు కాదు. మీకు చెప్తానంటే, వాడు బాధపడతాడు వద్దన్నారు."

అతను గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు.

ఎదురుగా, తలుపు పక్కన, ప్లగ్గు కిందికి జరిపిన పొట్టి స్టూలు ఉంది. దానిమీద మడతలేసి పరిచిన పాత దుప్పటి, కూర్చున్నంత మేరా గుంటపడి ఉంది.