గుమ్మం మీద రెండు రాతలు

అమెరికాలో, మిన్నెసోటాలోని మా చర్చి హాలుకి వలస వచ్చిన సోమాలీ ఆడవాళ్లు కుట్టుపని నేర్చుకోవడానికి వస్తుంటారు. వాళ్ల భాష చెవిన పడితే చాలు, మా అన్నయ్య టోర్గేర్‌కి ఒళ్లు మంట. సంఘానికి పెద్ద కదా, "ఇక్కడ ఇంగ్లీషే మాట్లాడవలెను" అని బోర్డు రాయించి, నిచ్చెనెక్కి గుమ్మానికి కొట్టాడు. ఆ నిచ్చెన పట్టుకున్నది నేనే, నా ఖర్మ.

కుట్టుపనికి అప్పుడే వచ్చిన సోమాలీ అమ్మాయి హోదన్ ఆ బోర్డు గడగడా చదివి, దాని పైన దూలం మీద చెక్కిన అక్షరాలు చూపించింది. "అక్కడేం రాశారు తాతగారూ?"

"అది నార్వే భాష," అన్నాడు అన్నయ్య. "అట్లాంటిక్ దాటొచ్చిన మా ముత్తాత చెక్కాడు."

"ఏమని?"

"ఏమో. నాకు రాదు."

"ఆయనకి ఇంగ్లీషు ఎన్నేళ్లకి వచ్చింది?"

అన్నయ్య మేకుల డబ్బాలో ఏదో వెతుక్కున్నాడు. నేనే చెప్పాను. "నలభై ఏళ్లున్నాడు ఇక్కడ. ఒక్క ముక్క రాకుండానే పోయాడు."

"ఆ రోజులు వేరు," అన్నాడు అన్నయ్య. "ఆయన కష్టజీవి."

హోదన్ టర్కీ కోళ్ల మాంసం ఫ్యాక్టరీలో పది గంటలు నిలబడి వచ్చింది. లోపలికెళ్లి మిషను ముందు కూర్చుంది.

"రేపు ముత్తాతే వచ్చాడనుకో అన్నయ్యా," అన్నాను. "నీ బోర్డు చదవలేడు పాపం, తిన్నగా లోపలికొచ్చి కూర్చుంటాడు. నువ్వే మెడపట్టి గెంటాలి."