స్టీరింగక్క జవాబులు

ఆవిడ నడిపిన తొమ్మిదో నంబరు బస్సులో నేను పదకొండేళ్లు కండక్టర్ని. ఊళ్లో అందరూ ఆవిడని స్టీరింగక్క అనేవారు. బస్సు డిపో స్థలం అమ్మేసి మాల్ కడతారన్న మాట బయటికి పొక్కగానే, డ్రైవర్లందరినీ వెంటేసుకుని గేటు ముందు పందొమ్మిది రోజులు బైఠాయించింది. ఆ ఊపు చూసి ఒక పార్టీ వాళ్లు ఇంటికొచ్చి మరీ అసెంబ్లీ టికెట్ ఇచ్చారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పోటీకి దిగింది.

పోలింగ్ ఇంకా పది రోజులుందనగా బడి హాల్లో సభ పెట్టారు. అభ్యర్థులు ముగ్గుర్నీ వేదిక మీద కూర్చోబెట్టి జనం నేరుగా ప్రశ్నలడుగుతారు. లోపలికి వెళ్లబోతుంటే పార్టీ కార్యదర్శి ఆవిడ చేతిలో టైపు చేసిన కాగితం పెట్టాడు.

"అన్నిటికీ జవాబులు ఇందులో ఉన్నాయమ్మా. చూసి చదివెయ్యండి, చాలు."

స్టీరింగక్క గుమ్మంలోనే నిలబడి చదివింది. డిపో అన్న మాట దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"'అభివృద్ధి దృష్ట్యా పరిశీలిస్తాం.' అంటే అమ్ముతామనేగా?"

"అమ్ముతామని ఎవరన్నారు? పరిశీలిస్తామన్నాం."

"ఇరవయ్యారేళ్లు బస్సు నడిపానండీ. ఎడమకి సిగ్నల్ వేసి కుడికి తిప్పడం నాకు చేతకాదు."

కార్యదర్శి నవ్వలేదు. "కాగితం దాటారంటే రేపట్నుంచి ప్రచారానికి జీపూ ఉండదు, మా మనుషులూ ఉండరు. ఆలోచించుకోండి."

మొదటి ప్రశ్న ఆసుపత్రి నర్సుది. డిపో పోతే తెల్లారి అయిదింటి బస్సు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగింది. స్టీరింగక్క కాగితం పైకెత్తి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"ఇది నాకు రాసిచ్చిన జవాబు. ఇప్పుడు నా జవాబు వినండి. డిపో అమ్మనివ్వను. అమ్మే బిల్లు మా పార్టీయే తెచ్చినా నా చెయ్యి లేవదు."

హాలు దద్దరిల్లింది. ముందు వరసలో కార్యదర్శి ముఖం మాడిపోయింది. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు మండిపోయాయి. ఇక గండం గట్టెక్కిందనుకున్నాను.

అప్పుడు లేచాడు ఆవిడ మరిది, సొంత చెల్లెలి మొగుడు. మార్కెట్ వీధిలో చెప్పుల కొట్టు అతనిది. నెల రోజులుగా కొట్టు షట్టరు నిండా వదిన పోస్టర్లే అంటించుకున్నాడు పాపం.

"వదినా, మార్కెట్ వీధి వెడల్పు చేయించి, కార్లు ఆపుకునే చోటు ఇప్పిస్తావా, లేదా? మిగతా ఇద్దరూ ఇప్పిస్తామన్నారు."

సగం హాలు మార్కెట్ వాళ్లే. అతని పక్కనే చెల్లెలు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. స్టీరింగక్క ఆ పిల్ల వైపోసారి చూసింది.

"ఇప్పించను. వెడల్పు చెయ్యాలంటే వెనక ఇళ్లు కొట్టాలి, కొట్టనివ్వను. అసలు ఆ వీధిలోకి కార్లే రాకుండా చేస్తాను."

ఒక్కసారిగా గోల. కుర్చీలు జరిగాయి. దిగిపొమ్మని ఎవరో అరిచారు. ఆవిడ మైకు వదల్లేదు.

"పోయిన వేసవిలో దర్జీ ఇల్లు అంటుకుంది. ఫైరింజను వీధి మొదట్లోనే ఇరుక్కుపోయింది. దాని వెనక నా బస్సు. ముందంతా కార్లు. ఎవరివని అడిగితే కొట్లో ఉన్నారన్నారు. దర్జీ తల్లిని బయటికి మోసుకొచ్చింది నేనూ, అదిగో ఆ కండక్టరూ. అప్పటికే ఆవిడ పోయింది."

అందరూ నావైపు తిరిగారు. తలొంచుకున్నాను. ఆ ముసలావిడ ఎంత తేలిగ్గా ఉందో నాకింకా గుర్తే.

"అయితే నా గిరాకీ ఏమైపోయినా నీకు పర్లేదన్నమాట!" అన్నాడు మరిది.

"కొన్నాళ్లు తగ్గుతుంది. తర్వాత నడిచొచ్చేవాళ్లతో నిండుతుందని నా నమ్మకం. నిండకపోతే ఇంటికొచ్చి తిట్టు, పడతాను. ఓటు కోసం నీకు అబద్ధం మాత్రం చెప్పను."

అతను విసురుగా వెళ్లిపోయాడు. చెల్లెలు కుర్చీలోంచి కదల్లేదు.

అన్నట్టే మర్నాటికి జీపు మాయమైంది. మేం నలుగురు కండక్టర్లం, ఆ నర్సు, చెల్లెలు ఆవిడతో కాళ్లరిగేలా తిరిగాం. మార్కెట్ వీధి వదిలేద్దామని నేనంటే, ముందు అక్కడికే పదమంది. షట్టర్ల మీద పోస్టర్లు పీలికలై వేలాడుతున్నాయి. మరిది మమ్మల్ని చూసి కొట్టు లోపలికి వెళ్లిపోయాడు. ఒక బట్టల కొట్టాయన, "మీకు ఓటెయ్యం" అని ముఖం మీదే అన్నాడు.

"వెయ్యకండి. నేను చెప్పేది విని మానెయ్యండి," అంటూ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది.

ఎనిమిదివందల పద్నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ సాయంత్రం కార్యదర్శి ఫోన్ చేశాడు. "కాగితం చదివుంటే గెలిచేవారమ్మా."

"అవును, కాగితం గెలిచేది," అని పెట్టేసింది. తర్వాత కాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. ఏడ్చిందేమో తెలీదు, నేనడగలేదు.

డిపో ఉద్యోగం ఎలాగూ పోయింది. ఒక బడి బస్సుకి డ్రైవరుగా చేరింది. రెండు వారాల తర్వాత నేను వాళ్లింట్లో టీ తాగుతుంటే మరిది వచ్చాడు. కూర్చోలేదు.

"నేను నీకు ఓటెయ్యలేదు వదినా."

"తెలుసు."

"మీ చెల్లెలు వేసింది. ఇంట్లో రోజూ అదే గొడవ." గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ కొట్లవాళ్లం మీటింగ్ పెట్టుకున్నాం. కార్లు మానలేం. ఫైరింజను పట్టేలా ఒక పక్క ఖాళీగా ఉంచుదామంటున్నారు కొందరు. నువ్వొచ్చి మాట్లాడితే మిగతావాళ్లు ఒప్పుకోవచ్చు."

"ఒక పక్క చాలదు," అంది స్టీరింగక్క, చెప్పులేసుకుంటూ. "పద, వాళ్లకీ అదే చెబుతాను."