ఎర్రగుడ్డ కట్టిన వల

పెరటి కొలనులో పెద్ద చేప ఒంటి మీద పుండ్లు లేచాయి. మా ఆయన దాన్ని పట్టి, గట్టు మీద ఉప్పునీళ్లు నింపిన తొట్టిలో విడిగా పెట్టి, రోజూ మందు రాస్తున్నాడు. రోగం మిగతా చేపలకు అంటకూడదని ఆ తొట్టికి వాడే వలకూ బకెట్‌కూ ఎర్రగుడ్డలు కట్టాడు.

"ఎర్రగుడ్డ ఉన్నదేదీ కొలనులో పడకూడదు. పడిందో, చేతులు విరిచేస్తా," అన్నాడు. నాకు జ్వరమొస్తే మాత్ర ఎక్కడుందో కూడా తెలియని మనిషి!

ఆ పొద్దున మా మరిది కొలనులో ఆకులు తీద్దామని చేతికందిన వల పట్టుకుని వంగాడు. అది ఎర్రగుడ్డ వల. ఇంకా నీళ్లకు తగలనేలేదు.

మా ఆయన వెనక నుంచి వచ్చి వల లాక్కుని, దాని కర్రతోనే వీపు మీద బాదాడు. కర్ర విరిగింది.

"ముంచలేదన్నయ్యా!" అంటున్నా వినకుండా మొహం మీద గుద్దాడు. ముక్కు నుంచి రక్తం బొటబొటా కారింది. మరిది మాత్రం ఊరుకుంటాడా? అన్న మెడ పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

"ఆగండి, చస్తారు!" అని అరిచాను. ఎవరు వినాలి? ఇద్దరూ కలబడి దొర్లుతూ వెళ్లి తొట్టి మీద పడ్డారు.

తొట్టి బోర్లాపడింది. మురికినీళ్లతో సహా చేప కొలనులోకి జారి, తోకాడించుకుంటూ మిగతా చేపల మధ్యకు దూరింది.

కొట్టుకోవడం ఆపి ఇద్దరూ నీళ్లకేసి చూశారు.

"వీడే... వీడి వల్లే..." అని మా ఆయన నసిగాడు.

నేను విరిగిన కర్రకున్న ఎర్రగుడ్డ విప్పి, ఆయన మణికట్టుకు గట్టిగా ముడివేశాను.