బాబురావు చెయ్యి

యాకుత్‌పురాలో గాజుల దుకాణం మీది అంతస్తులో ఉన్న ప్రార్థన మందిరంలో సాక్ష్యాలకు ఏనాడూ కరువు లేదు. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఒకరికి కొత్త బండి వచ్చింది, ఒకావిడకు ఫ్రిజ్ సగం ధరకే దొరికింది. అంతా ప్రభువు కృపే. స్వరూప మాత్రం రెండేళ్లుగా మైకు జోలికి పోలేదు. పక్షవాతంతో పడిపోయిన భర్త బాబురావు కుడిచెయ్యి ఉపవాసాలకూ లొంగలేదు, ప్రార్థన నూనెకూ లొంగలేదు. అసలు దేవుడు వింటున్నాడా అన్న అనుమానం ఆమెను తొలిచేస్తోంది. ఆ మాట పైకంటే ఉన్న ఈ ఒక్క ఆసరా కూడా పోతుందని భయం.

ప్రేమ్‌రాజ్ పాస్టరు ఊరుకునే మనిషి కాదు. స్వస్థత సభ దగ్గర పడింది, పోస్టరు మీదికి బాబురావు ఫొటో ఎక్కనే ఎక్కింది.

"స్వరూపమ్మా, బాగయిందని ముందుగాల సాక్ష్యం చెప్పు. విశ్వాసమంటే గదే. బాగుచేసుడు దేవుడు చూసుకుంటడు," అన్నాడు.

"కానిది అయిందని ఎట్ల చెప్తనయ్యగారూ?"

"గీ అవిశ్వాసమే అడ్డం పడుతున్నది."

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. ఆ పై ఆదివారం తనే లేచి మైకు అందుకుంది.

"మా ఆయన చెయ్యి ఇంకా లేస్తలేదు," అంది.

"హల్లెలూయా," అన్నారు అందరూ చప్పట్లు కొడుతూ. సాక్ష్యం మధ్యలో ఆగితే చాలు, వాళ్లకది అలవాటు.

"దేవుని మీద మస్తు కోపమొస్తున్నది. ఉన్నడో లేడో గూడ సమజైతలేదు."

"హల్లెలూయా." ఈసారి కీబోర్డు కూడా అందుకుంది.

స్వరూప నిర్ఘాంతపోయింది. దేవుడి సంగతేమో గానీ, మనుషులు వినడం లేదని మాత్రం తేలిపోయింది.

చేతులెత్తి స్తుతించమని పాస్టరు పాట ఎత్తుకున్నాడు. బాబురావు ఎప్పటిలాగే ఎడమచెయ్యి ఎత్తి, కుడిచేతి వంక చూసుకుని తల దించేశాడు. స్వరూప మైకు కింద పెట్టేసింది. వెళ్లి పక్కన నిలబడి, ఆ చల్లటి చేతిని తన చేతితో పట్టుకుని పైకెత్తింది. ఇద్దరూ పాడసాగారు.

వేదిక మీద పాస్టరు కళ్లు మెరిశాయి.

"చూడుండ్రి, బాబురావన్న చెయ్యి లేచింది," అని మైకులో చాటాడు. మందిరమంతా హల్లెలూయాలతో దద్దరిల్లింది.

స్వరూపకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"లేపిందెవరో నీకెర్కనే గదా తండ్రీ," అని లోలోపల అనుకుంది. దేవుడితో ఆమె మనసు విప్పి మాట్లాడడం రెండేళ్లలో ఇదే మొదటిసారి. భుజం లాగేస్తున్నా, పాట అయిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు.