నీళ్ళు చూపించే కాయ

నేను ఒక కొబ్బరికాయను. దేవుడి ముందు పగలాల్సినదాన్ని. ధర్మవరం సంతలో పెద్దన్న నన్ను కొన్నప్పటి నుంచి రైతులకు బోరు పాయింట్లు చూపిస్తున్నాను. అతను నన్ను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. నేను ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్ళున్నట్టట. నీళ్ళ సంగతి నాకేం తెలుసు? నా కడుపులో ఉన్నవే ఎప్పుడో ఇంకిపోయాయి. పెద్దన్న వేళ్ళు మెల్లగా ఎగదోస్తాయి, నేను లేస్తాను.

ఆ మాత్రానికే రైతులు చేతులు జోడిస్తారు. బోరు బండి వస్తుంది, తెల్లటి దుమ్ము లేస్తుంది, ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. పోనీ, అక్కడితో బుద్ధి వస్తుందా? ఏడ్చి, ముక్కు చీదుకుని, మళ్ళీ పెద్దన్న గడపే తొక్కుతారు. ఆశకూ నిరాశకూ పడదని ఎవరన్నారో గానీ, నేను చూసినంతలో వాటిది ఒకే కంచం, ఒకే మంచం.

పెద్దన్న ఒక్కడే తెలివైనవాడనుకున్నాను. ఈ ఎండలకు అతని బోరే ఎండిపోయింది. కాపుకొచ్చిన చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఆకు ముడుచుకున్నాయి. నీళ్ళు పడకపోతే తోటంతా పొయ్యిలోకే. నన్ను పట్టుకుని తన చేలోకే దిగాడు. ఈసారి వేళ్ళు కదపలేదు. నేనూ లేవలేదు. చేనంతా తిరిగాక, గట్టు దగ్గర చేయి వణికింది. వణికిందో, వణికించాడో అతనికే తెలియాలి. నేను లేచాను.

"రత్తమ్మా, కాయ లేసింది సూడు" అన్నాడు భార్యతో. కళ్ళనిండా నీళ్ళు. ఆ చేలో అప్పుడున్న నీళ్ళు అవే.

బోరు వేశారు. దుమ్మే వచ్చింది. పెద్దన్న ఒళ్ళు మండి నన్ను ఆ బోరుగుంతలోకే విసిరేశాడు. అడుగు దాకా ఎక్కడా తడి తగల్లేదు.

పైన రత్తమ్మ గొంతు వినిపించింది. "ఇంగ సాలు. చెట్లు కొట్టేద్దాం పా."

"కాయ లేసింది నువ్వూ సూస్తివి గదా" అన్నాడు పెద్దన్న. "ఇంగొంచెం లోతుకు దిగింటే పడేటివి. బండోళ్ళను ఉండమను."

సిగ్గులేని మనిషి. తన వేళ్ళ సంగతి తనకు తెలియదా?

పైన బండి మళ్ళీ మోగుతోంది. రాతిని తొలిచే ఇనప బిట్టు తిన్నగా నా నెత్తి మీదికే దిగుతోంది. నేను ముక్కలవడం ఖాయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, కింద రాతికి చెవి ఆనించి వింటున్నాను, నీళ్ళ చప్పుడేమైనా వస్తుందేమోనని.