సోనెల్ కోంపా నేర్చుకున్న సాయంత్రం

లే కాయ్ ఊళ్లో జంటలు కలిసి ఆడే కోంపా నాట్యం ఎక్కడ పెట్టినా వేదిక మీద సోనెల్ శాక్సోఫోన్ ఉండాల్సిందే. అతని భార్య మెలియాన్ ఆ ఆవరణ గేటు బయట బాణలి పెట్టుకుని పంది మాంసం వేయించి అమ్మేది. పెళ్లైన నాటినుంచీ ఇదే వరస.

ఆ ఏడు మరియమ్మ పండగ ముందు బస్సు గోతిలో పడి, సోనెల్ మూతి ముందు సీటు కమ్మీకి కొట్టుకుంది. ముందు పళ్లు రాలిపోయాయి. ఇక శాక్సోఫోన్ ఏం ఊదుతాడు? బ్యాండు వాళ్లు ఇంకొకర్ని పిలిచారు.

పండగ సాయంత్రం మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. లోపల పాట మొదలైంది.

"వాడు ఊదుతున్నాడా, ఏడుస్తున్నాడా?"

"బాగానే ఊదుతున్నాడు. నీకే కడుపుమంట," అంది మెలియాన్. పక్క కొట్టావిడకి బాణలి అప్పగించి చేతులు తుడుచుకుంది. "లే. ఊళ్లో వాళ్ల పెళ్లాలందర్నీ ఆడించావు. ఇవాళ నన్ను ఆడించు."

సోనెల్ రుమాలు సర్దుకున్నాడు. "నాకు రాదే."

"ఏం రాదు?"

"ఆడటం. కుర్రతనం నుంచీ వేదిక మీదే ఉన్నాగా, ఎప్పుడు నేర్చుకోను?"

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే చెయ్యి పట్టి గేటు దాటించింది.

"భుజాలు బిగించకు. దూకక్కర్లేదు, ఒక్క గచ్చు పలక చాలు మనిద్దరికీ. అబ్బా, నా కాలు! ఆ శాక్సోఫోన్ వినకయ్యా. వెనక ఇనప గంట కొడుతున్నాడే, అతని తాళం పట్టుకో."

పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ వీపు వెనక మోగిన ఆ గంట ఇక్కడ అరికాళ్లలోకి దిగింది. డోలు దానికి బదులు పలికింది. చుట్టూ ముసలి జాలర్లు, కుట్టుపని ఆడవాళ్లు, కొత్త జంటలు కళ్లు మూసుకుని ఒకే ఊపిరిలా ఊగుతున్నారు. మెలియాన్ అతని గుండెకి చెంప ఆనించింది. పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో అతనికంటే ముందే ఆమె నడుముకు తెలిసిపోతోంది.

"ఇదంతా ఎక్కడ నేర్చావే?"

"పొయ్యి దగ్గర. నువ్వు ఊదుతుంటే."

సోనెల్ ఆమెను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. పాట అయిపోయినా ఆమెను వదల్లేదు.

క్రిస్మస్‌కి పళ్లు కట్టించుకుని మళ్లీ వేదిక ఎక్కాడు. కానీ పాట మధ్యలో శాక్సోఫోన్ దించేసి, గంటనీ డోలునీ చాలాసేపు వాటి మానాన వదిలేశాడు.

"ఏమయ్యా, నిద్రపోయావా?" అని కసిరాడు బ్యాండు పెద్ద.

"ఉండండన్నా," అన్నాడు సోనెల్, కింద ఊగుతున్న జంటల్ని చూస్తూ. "వాళ్లని ఆడుకోనివ్వండి."